ఉప్పునీళ్ల ఇంటికి ఏ గీజరు?

పాడైపోయిన గీజరును పాత సామాన్లవాడికి ఇచ్చేముందు ఒకసారి విప్పించి చూడాలి. కింది ప్లేటు బోల్టులు ఊడదీసి కాయిల్‌ను బయటకు లాగితే, చిటికెనవేలంత కూడా లేని సన్నటి గొట్టం కనబడాల్సిన చోట మొక్కజొన్న పొత్తంత లావున బూడిదరంగు ముద్ద వస్తుంది. ట్యాంకును బోర్లిస్తే గుప్పెళ్లకొద్దీ పెచ్చులు జలజలా రాలతాయి. అందులో ఒక పెచ్చు తీసుకుని దానిమీద నిమ్మకాయ పిండితే బుసబుసమని నురగ వస్తుంది. అది సున్నపురాయి. బోరు నీళ్లలో కంటికి కనబడకుండా కరిగి వచ్చి, స్నానాల గదిలో మళ్లీ రాయిగా మారింది.

"ఈ నీళ్లకి మూడేళ్లు వచ్చిందంటే గొప్పేనండి, మేస్టారూ" అంటాడు మెకానిక్. ఆ మాటతో చాలామంది ఊరుకుంటారు. కొత్త గీజరు కొంటారు, అదీ మూడేళ్లకు పోతుంది.

మా నాతవరంలో అద్దెకుండేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం మీద వచ్చినవాళ్లే: బడుల్లో టీచర్లు, మండల ఆఫీసు సిబ్బంది, బ్యాంకువాళ్లు, 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలయ్యాక వచ్చిన కుర్ర ఉద్యోగులు. ఇంటివాళ్లు ఎప్పుడో పెట్టించిన గీజరు కాలిపోతే కొత్తది ఎవరు కొనాలన్నది మొదటి చర్చ, ఏది కొనాలన్నది రెండోది. దుకాణంలో స్టార్లు ఎన్ని, లీటర్లు ఎన్ని, ప్రెజరు ఎంత అని చెబుతారు. మీ ఇంట్లో నీళ్లెలాంటివి అని మాత్రం అడగరు. నా దృష్టిలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. దానికి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. గార, అంటే ఈ సున్నపు పొర, పట్టే నీళ్లున్న (మనం ఉప్పునీళ్లనేవి) ఇంటికి, విప్పి కడగడానికి వీలైన గీజరు కొనాలి. కొన్నాక దాన్ని తక్కువ వేడిమీద నడపాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

నీళ్లలోకి రాయి ఎలా వస్తుందో ముందు చూద్దాం. వానచినుకు మెత్తటి నీరు, అందులో సున్నం ఉండదు. అది నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలో వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది. మట్టి పొరల్లో ఈ వాయువు బయటి గాలిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని కలుపుకున్న నీరు బలహీనమైన ఆమ్లమవుతుంది. తూర్పు కనుమల పాదాల్లో ఉన్న మన నేల కింద ప్రధానంగా ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు. ఖోండలైటుకు ఆ పేరు ఈ కొండల్లోని ఖోండు గిరిజనుల నుంచి వచ్చింది. ఈ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు వాటిలోని ఖనిజాలను కొద్దికొద్దిగా తింటూ కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ బైకార్బొనేట్ల రూపంలో తనలో కలుపుకుంటుంది. బోరు ఎంత లోతుకు పోతే, అంత పాతకాలపు నీరు తగిలే అవకాశం ఉంది. పాతనీరంటే రాతితో ఎక్కువకాలం కాపురం చేసిన నీరు.

అందుకే ఒకే ఊళ్లో ఒక బోరు నీళ్లకు పప్పు ఉడుకుతుంది, పక్క వీధి బోరుకు ఉడకదు. కాల్షియం పప్పు గింజల కణాల గోడల్లో ఉండే పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది, ఎంత మంట పెట్టినా గింజ మెత్తబడదు. నాతవరం మండలంలోనే లేటరైట్ కొండలున్నాయి. లక్షల ఏళ్ల వానలకు కాల్షియం అంతా కడిగేసుకుపోగా మిగిలిన ఎర్రరాయి అది, దానిలోంచి దిగే నీటికి కరిగించుకోవడానికి సున్నం పెద్దగా దొరకదు. తాండవ జలాశయం నీరూ కొండల మీద కురిసి త్వరగా వచ్చి చేరే వాననీరే. కాబట్టి పక్కింటివాళ్ల గీజరు పదేళ్లు నడిచిందని మనదీ నడుస్తుందనుకోవడానికి లేదు. వాళ్లది కొళాయి నీరై ఉండొచ్చు, మనది బోరు.

కరిగిన సున్నం మళ్లీ రాయి కావడం చూడాలంటే బొర్రా గుహలకు వెళ్లాలి. అవీ ఈ కనుమల్లోనివే, అరకు దారిలో అనంతగిరి మండలంలో ఉన్నాయి. సున్నపురాతి పొరల్లోంచి కారే నీటిచుక్క గుహ గాలి తగలగానే తనలోని కార్బన్ డయాక్సైడును వదిలేస్తుంది. ఆ వాయువు ఉన్నంతవరకే కాల్షియం బైకార్బొనేటుగా కరిగి ఉండగలదు. అది పోగానే కరగని కార్బొనేటుగా మారి, చుక్క వేలాడిన చోటే అంటుకుంటుంది. ఆ అంటుకోవడం వేల ఏళ్లు సాగితే పైనుంచి రాతి ఊడలు దిగుతాయి, కిందినుంచి దిమ్మెలు లేస్తాయి. గీజరులో జరిగేది ఇదే రసాయన చర్య. గుహలో వాయువు తనంతట తాను మెల్లగా పోతుంది. గీజరులో మనం కరెంటు పెట్టి తరిమేస్తాం. పైగా చక్కెరా ఉప్పూ వేడినీళ్లలో బాగా కరుగుతాయి గానీ కాల్షియం కార్బొనేటు తీరు వేరు, నీరు వేడెక్కేకొద్దీ దాని కరిగే శక్తి తగ్గుతుంది. ట్యాంకులో అన్నిటికన్నా వేడిగా ఉండేది కాయిల్ ఉపరితలం. అందుకే పొర ముందు అక్కడే పడుతుంది.

లెక్క వేస్తే ఎంత రాయో తెలుస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియంల లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 దాకా అనుమతి ఉంది. మన బోరు ఈ రెండింటికీ మధ్యన, 400 దగ్గర ఉందనుకుందాం. నలుగురున్న ఇంట్లో రోజుకు 60 లీటర్లు గీజరు గుండా పోతే, ఆ నీళ్లతో 24 గ్రాముల సున్నం కూడా లోపలికి వెళుతుంది. ఏడాదికి ఎనిమిది కిలోల పైమాటే. అందులో ఎక్కువభాగం కరిగే ఉండి బకెట్లోకి వచ్చేస్తుంది. పదోవంతు లోపల ఆగినా ముప్పావు కిలో దాటుతుంది.

ఇక్కడ చాలామంది నమ్మే ఒక మాటను సరిచెయ్యాలి. గార పట్టిన గీజరు కరెంటు తెగ తాగుతుందంటారు. నీళ్లలో మునిగి ఉండే ఎలక్ట్రిక్ కాయిల్ విషయంలో ఇది దాదాపు నిజం కాదు. రెండు కిలోవాట్ల కాయిల్ శుభ్రంగా ఉన్నా, రాయి కట్టినా రెండు కిలోవాట్ల వేడినే పుట్టిస్తుంది. ఆ వేడికి చుట్టూ ఉన్న నీళ్లలోకి తప్ప వేరే దారి లేదు. బిల్లులో తేడా స్వల్పం. నష్టమంతా కాయిల్‌కే. సున్నపు పొర వేడిని పంపే శక్తి రాగితో పోలిస్తే వందల రెట్లు తక్కువ. అంత వేడి ఆ పొరను దాటి నీళ్లలోకి వెళ్లాలంటే లోపలి గొట్టం ఇంకా ఇంకా వేడెక్కాలి. మామూలు గృహ గీజరు కాయిల్ కొలతలతో లెక్కిస్తే, ఒక్క మిల్లీమీటరు పొరకే గొట్టం వేడి సుమారు 50 నుంచి 100 డిగ్రీలు పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్లయితే దానికి రెట్టింపు.

కాయిల్ లోపల సన్నటి నైక్రోమ్ తీగ చుట్టలుగా ఉంటుంది, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి దట్టించి ఉంటుంది, పైన రాగి గొట్టమో స్టీలు గొట్టమో. అతిగా వేడెక్కి చల్లారడం రోజూ జరుగుతుంటే ఆ గొట్టం ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. నీరు లోపలికి చేరుతుంది. అప్పటినుంచి కరెంటు నీళ్లలోకి పాకడం మొదలవుతుంది, ఎర్తింగ్ లేని పాత ఇంట్లో అది ప్రాణాంతకం. అద్దె ఇంట్లో దిగేముందు ఎర్త్ తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి, కొత్త గీజరు ఏదైనా సరే. ఈ ఒక్క ఖర్చు విషయంలో ఇంటివాళ్లతో మొహమాటపడవద్దు. గార పట్టిందని ముందే చెప్పే గుర్తు ఒకటుంది. స్విచ్చి వేసిన కొద్దిసేపటికి గీజరు గుర్రుమని చప్పుడు చేస్తుంది. పొర కింద చిక్కిన నీరు ఆవిరై బుడగలుగా పగిలే చప్పుడు అది.

నిప్పుతో వేడిచేసే వాటి సంగతి వేరు. రాగి బాయిలర్ నడుమ గొట్టంలో కొబ్బరి డిప్పలో, సరుగుడు పుల్లలో, బొగ్గులో మండుతుంటే, చుట్టూ ఉన్న నీళ్లలోకి దిగలేని వేడి పైనుంచి పొగతో పాటు పోతుంది. అక్కడ గార నిజంగానే పుల్లలు తినేస్తుంది. అయినా ఉప్పునీళ్లకు రాగి బాయిలర్‌ను మించినది లేదని పాతవాళ్లు అంటే ఆ మాటలో పస ఉంది. మూత తీస్తే లోపల ఎంత పొర పట్టిందో కనబడుతుంది, కొంతవరకు చెయ్యి పెట్టి తోముకోవచ్చు, ప్రెజరు లేదు, వాల్వు లేదు, కాయిల్ లేదు. నీళ్లు లేకుండా నిప్పు వేసి మాట్లు కరిగించుకుంటే తప్ప తరాలు నడుస్తుంది. పెరడున్న సొంతింటికి నేను ఇప్పటికీ దాన్నే చెబుతాను. మేడ మీద రెండు గదుల వాటాలో పొగకు చోటుండదు, కాబట్టి అక్కడ కుదరదు. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. స్నానాల గదిలోపల పెట్టిన గ్యాస్ గీజర్ల వల్ల పోయిన ప్రాణాలు కూడా ఈ వాయువుతో పోయినవే. గ్యాస్ గీజరు పెట్టాలనుకుంటే గది బయట, గాలి ఆడేచోట పెట్టాలి. సన్నటి గొట్టాల్లో నీరు తిరిగే ఆ యంత్రం గార నీళ్లకు అసలే సరిపడదు.

సోలారు అద్దె ఇంటికి అందని పండు. డాబా ఇంటివాళ్లది, ఖర్చు ఎక్కువ, మారేటప్పుడు తీసుకెళ్లలేం. వేసవిలో వాడకం తగ్గినప్పుడు ట్యాంకు నీళ్లు బాగా మరిగి గాజు గొట్టాల నిండా సున్నం దిగుతుంది.

మిగిలినవి మూడు: హీటర్ రాడ్డు, ఇన్‌స్టంట్ గీజరు, స్టోరేజీ గీజరు.

రాడ్డుకు ఒక మంచి గుణం ఉంది. కాయిల్ కళ్లెదుటే ఉంటుంది, గార పట్టగానే తెలుస్తుంది, నిమ్మఉప్పు నీళ్లలో ఉంచితే పోతుంది. ప్రమాదం కూడా అంతే దగ్గర. స్విచ్చి ఆపి ప్లగ్గు తీశాకే బకెట్లో చెయ్యి పెట్టాలన్న నియమం ఒక్కరోజు మరిచినా చాలు. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

ఇన్‌స్టంట్ చౌక, గోడమీద చోటు తక్కువ పడుతుంది, అద్దె ఇళ్లకు ఎక్కువగా కొనేది అదే. మూడు లీటర్లది మూడు కిలోవాట్లు లాగుతుంది, అంటే 13 ఆంపియర్లు. నిమిషానికి రెండు లీటర్ల ధార వదిలితే నీటి వేడిని 21 డిగ్రీలు పెంచగలదు. చలికాలం పొద్దున వోల్టేజి 230 నుంచి 180కి పడిపోయిందనుకోండి. కాయిల్ శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి మూడు కిలోవాట్లది రెండు కిలోవాట్ల లోపుకు దిగుతుంది, నీళ్లు 13 డిగ్రీలే వేడెక్కుతాయి. స్టోరేజీ గీజరుకు వోల్టేజి తగ్గితే ఇంకాస్త సేపు పడుతుంది, అంతే. గార విషయానికొస్తే, ఇన్‌స్టంట్‌లో అంత చిన్న డబ్బాలో అంత బలమైన కాయిల్ ఇరికించి ఉంటుంది. కొళాయి కట్టేశాక కూడా కాయిల్‌లో మిగిలిన వేడికి చుట్టూ నిలిచిన నీరు మరిగి సున్నం వదులుతుంది. చాలా రకాల్లో ట్యాంకు మొత్తం వెల్డింగే, విప్పడానికి ఉండదు. ఉప్పునీళ్ల ఇంటికి ఇన్‌స్టంట్ కొనడమంటే పారేయడానికి కొనడమే.

కాబట్టి స్టోరేజీ గీజరు. ఎన్ని లీటర్లది? 15 లీటర్లు చాలంటారు. 26 డిగ్రీల నీళ్లను 60కి కాచి, ఆ 15 లీటర్లను చన్నీళ్లతో కలిపి 40 డిగ్రీల స్నానపు నీళ్లు చేసుకుంటే 36 లీటర్లు వస్తాయి. అదే 25 లీటర్ల గీజరును 50 దగ్గరే ఆపితే 43 లీటర్లు వస్తాయి. మొదటిదానికి 0.6 యూనిట్లు, రెండోదానికి 0.7. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా తేడా అర్ధరూపాయి పైచిలుకు, ఆ డబ్బుకు ఎక్కువ నీళ్లు కూడా వచ్చాయి. సున్నం దిగే వేగం 60 డిగ్రీలు దాటాక బాగా హెచ్చుతుంది. పెద్ద ట్యాంకు, తక్కువ వేడి. ఉప్పునీళ్లకు ఇంతకన్నా చౌకైన మందు నాకు కనబడలేదు. పిల్లల చర్మానికీ ఇదే మంచిది, 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే కాల్చేస్తుంది. అయితే గోరువెచ్చటి నీరు రోజుల తరబడి నిలిస్తే అందులో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగవచ్చు, కాబట్టి వారానికోసారి 60 దాటించి ఆ నీళ్లు వదిలేయడం మంచిది. వేడి తగ్గించుకునే మర బయటే ఉన్న గీజరు చూసుకోండి. కొన్నిటికి అది మూత లోపల ఉంటుంది.

స్టార్ల గురించి ఒక మాట. స్టోరేజీ గీజర్ల మీద ఉండే స్టార్లు, కాచిన నీరు ఊరికే నిలిచి ఉన్నప్పుడు ట్యాంకు గోడల గుండా ఎంత వేడి పోతుందో కొలిచి ఇచ్చేవి. రోజంతా స్విచ్చి వేసి ఉంచేవాళ్లకు అయిదు స్టార్లు ఎంతో మేలు. ఇరవై నిమిషాలు వేసి, స్నానాలయ్యాక ఆపేసే ఇంట్లో వాటి లాభం తక్కువ. ఎనిమిది బార్ల ప్రెజరు అని గొప్పగా రాస్తారు. పది మీటర్ల ఎత్తు నీటికి ఒక బారు. డాబా మీద ట్యాంకు గీజరుకు మూడు నాలుగు మీటర్ల పైన ఉంటే వచ్చే ప్రెజరు 0.3, 0.4 బార్లు. ఎత్తయిన అపార్టుమెంట్లకూ, ప్రెజరు పంపులున్న చోట్లకూ కావాల్సిన గుణానికి నాతవరం డాబా ఇంట్లో డబ్బు పెట్టక్కర్లేదు.

దుకాణంలో అడగాల్సినవి వేరే ఉన్నాయి. కింది ప్లేటు బోల్టులతో ఉందా? కాయిల్ విడిగా దొరుకుతుందా, దగ్గర్లోని నర్సీపట్నంలో దొరుకుతుందా? కాయిల్ మీద గాజు పూత ఉందా? నున్నటి పూతకు గార అంత తేలిగ్గా అతుక్కోదు. అడుగున నీళ్లు వదిలే బిరడా ఉందా? యానోడ్ రాడ్డు మార్చుకోవచ్చా? ఆ చివరిది మెగ్నీషియం కడ్డీ. ఇనుప ట్యాంకుకు బదులు తాను తుప్పుపట్టి అరిగిపోవడమే దాని పని. ఈ ఉపాయం 1824 నాటిది. రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున తొడిగిన రాగి రేకులను సముద్రపు నీరు తినేయకుండా జింకు, ఇనుప ముక్కలు జతచేసి చూపించాడు. లవణాలు ఎక్కువున్న నీటిలో ఈ కడ్డీ త్వరగా అరుగుతుంది. అది అరిగిపోయాక ట్యాంకు వంతు వస్తుంది, కారిన ట్యాంకుకు మరమ్మతు లేదు.

నీళ్లను పరీక్షించుకోవడం కష్టం కాదు. జలజీవన్ మిషన్ కింద గ్రామాలకు ఇచ్చిన పరీక్ష కిట్లలో కాఠిన్యం చూసే రసాయనం ఉంటుంది, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లోనూ చేస్తారు. ఫిల్టర్లు అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్ మీటరును మాత్రం నమ్ముకోవద్దు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది. మామూలు ఉప్పు వల్ల అంకె పెరిగినా గార పట్టదు. గిన్నెలో నీళ్లు పది నిమిషాలు మరిగించి చల్లార్చితే అడుగున తెల్లటి పొడి దిగిందంటే అది గీజరును చంపే రకమే. కాల్షియం సల్ఫేటు, క్లోరైడుల వల్ల వచ్చే కాఠిన్యం మరిగిస్తే అలా దిగదు. చిల్లగింజలు అరగదీసినా, పటిక తిప్పినా బురద తేరుకుంటుందే గాని కరిగిన సున్నం కదలదు. పైపుకు తగిలించే అయస్కాంతాల మీద నేనైతే డబ్బు పెట్టను. ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ నిజంగా సున్నాన్ని తీసేస్తుంది, కానీ దాని ఖర్చు, ప్లంబింగు అద్దె వాటాకు మించిన పని.

ఏడాదికోసారి, చలికాలం మొదలయ్యే ముందు, మెయిన్ ఆపేసి, ట్యాంకు ఖాళీ చేసి, కాయిల్ విప్పి కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పుతో కడగాలి. వంద గ్రాముల సున్నం కరగడానికి సుమారు 130 గ్రాముల నిమ్మఉప్పు పడుతుంది, కాబట్టి రెండు చెంచాలు వేసి పోలేదనుకుంటే లాభం లేదు. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. మరిగిస్తే కాల్షియం సిట్రేటు కరగకుండా తెల్లటి మడ్డిగా దిగి కొత్త పొర తయారవుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ జోలికి అసలు పోవద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గారతో పాటు గొట్టాన్నీ తింటుంది, స్టీలు ట్యాంకుకు చిల్లులు పెడుతుంది.

ఎవరు కొనాలన్న సంగతి మిగిలింది. ఇంటివాళ్లు కొంటే ధర తక్కువది చూస్తారు, దాంతో తిప్పలు పడేది అద్దెకున్నవాళ్లు. అద్దెకున్నవాళ్లు కొంటే, మారేటప్పుడు గోడకున్నది ఇంటిదేనంటారేమోనని జంకుతారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, అద్దెకున్న వ్యక్తి తాను బిగించిన వస్తువులను ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతలో తీసుకెళ్లవచ్చు, ఇంటిని తాను దిగినప్పటి స్థితిలో అప్పగిస్తే చాలు. గీజరు ఎవరిది, కాయిల్ పోతే ఎవరు వేయించాలి, ఏటా కడిగించే ఖర్చు ఎవరిది అన్న మూడు ముక్కలు అద్దె కాగితంలో రాసుకుంటే తర్వాత మాట పట్టింపులుండవు. బిగించేటప్పుడే గీజరుకు చన్నీళ్ల వైపు ఒక వాల్వు, రెండు పైపులకూ విప్పుకునే యూనియన్లు పెట్టమని ప్లంబరుకు చెప్పండి. కడగడానికైనా, ఇల్లు మారడానికైనా గీజరు గోడమీంచి దించడం అరగంట పని అవుతుంది.